మినపకుప్పలోకి దూరిన తెలివైన కారు

ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను అనొద్దు. ఈ కథలో ఒక మహా ప్రమాదం ఉంది. అందులో ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు కాబట్టి నిర్భయంగా నవ్వుకోవచ్చు. పోయినవి రెండే: ఒక కొత్త కారు పరువు, దాన్ని నడిపిన మనిషి పరువు. నీళ్లు కొట్టి తుడిచాక కారు పరువు కారుకి తిరిగొచ్చింది. ఆ మనిషి నేనే. నా సంగతి ఇప్పటికీ తేలలేదు.

విజయనగరంలో ఓ దినపత్రిక డెస్కులో తల నెరిసేదాకా పనిచేశాను. జిల్లా పేజీకి వచ్చే రోడ్డు ప్రమాదాల వార్తలన్నీ నా చేతి మీదుగా వెళ్లేవి. జాతీయ రహదారి మీద ఏ మలుపులో లారీ ఆగుతుందో, ఏ కూడలిలో ఆటో అడ్డం తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలనని అనేవాణ్ని. రోడ్డు భద్రత వారోత్సవాలొస్తే కాలేజీల వాళ్లు నన్ను పిలిచి శాలువా కప్పేవారు. హెల్మెట్ లేకుండా ఊరేగుతున్న ఒక పెళ్లికొడుకుని నడివీధిలో ఆపి మందలించిన చరిత్ర కూడా నాకుంది. ఆ పెళ్లికొడుకు ఉన్నది గుర్రం మీద అని మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అది వేరే సంగతి.

అలాంటివాణ్ని ఉద్యోగం నుంచి దిగిపోయాక కారు కొంటే మామూలు కారు కొంటానా? హెచ్చరికలన్నీ ఉన్న కారు కొన్నాను. ముందున్న బండి దగ్గరపడితే కూస్తుంది. రోడ్డు మీద తెల్లగీత దాటితే కూస్తుంది. బెల్టు పెట్టకపోతే కూస్తుంది. వేగం పెరిగితే కూస్తుంది. మనం మరీ పరధ్యానంగా ఉంటే తనే బ్రేకు వేసేస్తుంది. మా నాన్న కూడా నన్ను ఇంత కనిపెట్టుకుని పెంచలేదు.

తాళాలిస్తూ షోరూమ్ అమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"సార్, ముందు అద్దం పైన ఉన్న ఈ నల్ల పెట్టె కెమెరా. కింద జాలీ మధ్యలో రాడార్. ఈ రెంటి ముందు ఏమీ అడ్డం పెట్టొద్దు."

"అమ్మా, రోడ్డు భద్రత మీద నేను ఉపన్యాసాలిచ్చినవాణ్ని."

"అయినా చెప్పడం నా డ్యూటీ సార్."

నేను చిరునవ్వు నవ్వాను. శాలువాలు కప్పించుకున్నవాళ్లకు మాత్రమే వచ్చే చిరునవ్వు అది.

ఆ సాయంత్రమే వాహన పూజ. పూజారిగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అద్దం మీద పసుపూ కుంకుమా కలిపి అరచేతి వెడల్పున బొట్టు పెట్టారు. ఎక్కడ పెట్టారో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. మా ఆవిడ తెచ్చిన దిష్టి దండలో ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు ఉన్నాయి. "కారు ఇంతది, దండ అంతదా? వీధి వీధంతా గుమ్మాల్లోంచి చూస్తోంది" అని నేనే బజారుకెళ్లి పెద్ద నిమ్మకాయలూ, గుప్పెడు మిరపకాయలూ, పటిక ముక్కా తెచ్చి, నల్ల ఊలుదారానికి గుచ్చి, జాలీకి సరిగ్గా నడిమధ్యన వేలాడదీశాను. దూరం నుంచి చూస్తే కారు ముక్కుకి బులాకీ పెట్టినట్టుండేది. పొంగిపోయి ఫోటో తీసి బంధువులందరికీ పంపాను.

ఇక ఆ రోజు దగ్గరికి వద్దాం.

మా చెల్లెలి భర్త సింహాద్రి బావది సన్నాయి కుటుంబం. శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఉన్న చిన్న ఊరు వాళ్లది. అక్కడి శివాలయంలో కల్యాణోత్సవం రోజున స్వామి పల్లకీ లేవాలంటే మొదట వాళ్లింటి సన్నాయి మోగాలి. తరాల నుంచి అదే పద్ధతి. అయితే బావకి ముందు పళ్లు ఊడిపోయాయి. పళ్లు లేకుండా సన్నాయి పలకదు. కట్టుడు పళ్లు పెట్టి ప్రయత్నిస్తే, సన్నాయి పలకలేదు గానీ పళ్లు మాత్రం బయటకొచ్చి డోలు వాయించే మనిషి ఒళ్లో పడ్డాయి. దాంతో బావ డోలు అందుకున్నాడు. సన్నాయి ఆయన కూతురు హేమ చేతికొచ్చింది. నా మేనకోడలు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుంది. ఊదితే, నిజం చెబుతున్నాను, పక్కింట్లో మిక్సీ కూడా ఆగి వింటుంది.

ఆ యేడు ఉత్సవంలో మొదటిసారి హేమ వాయించాలి. ఆడపిల్ల సన్నాయి పట్టడమేమిటని గుడి పెద్ద సూరన్నగారు ముందు నుంచీ గొణుగుతూనే ఉన్నారు. చివరికి ఒక మాటన్నారు. పల్లకీ ఎత్తేవేళకి సన్నాయి వినపడకపోతే, పక్కూరి మేళం అరుగు మీద సిద్ధంగా ఉంటుంది. ఈ యేడు వాళ్లు వాయిస్తే, ఇక ఎప్పటికీ వాళ్లే.

ఆ రోజు ఉదయం భోగాపురంలో ఒక పెళ్లికి బావా హేమా మేళానికి వచ్చారు. నేనూ అదే పెళ్లికి కొత్త కారులో వెళ్లాను. భోజనాలయ్యాక బావ డోలు భుజాన వేసుకుని బస్టాపు వైపు బయల్దేరాడు.

"ఎక్కడికి బావా?"

"బస్సుకి. ఇప్పుడెక్కితే పొద్దుండగానే ఊళ్లో ఉంతాం."

"బస్సా! నా కారుండగా బస్సా! ఊరిదాకా దింపుతాను పద."

"వద్దు బావా. బస్సు సెప్పిన యేళకి ఎల్తాది."

"నా కారు అంతకంటే ముందు వెళ్తుంది. పైగా అది దానంతట అదే ప్రమాదాన్ని కనిపెడుతుంది."

బావ కారు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కారు సంగతి సరే. నువ్వు కనిపెడతావా?"

హేమ నవ్వింది. "ఎక్కుదాం నాన్నా. మావ అంతలా పిలస్తన్నాడు. ఒద్దంటే పాపం ఇక్కడే ఏడుస్తాడు."

అలా, ఎవరూ అడగకుండా, ఎవరికీ అవసరం లేకుండా, ఒక ఇంటి తరాల పద్ధతిని నా స్టీరింగుకి కట్టుకున్నాను.

బావ ముందు కూర్చున్నాడు. హేమ వెనక సీట్లో సన్నాయి గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుంది. డోలు ఆమె పక్కన. బండి కదిలిందో లేదో గంట మొదలైంది. టింగ్, టింగ్, టింగ్.

"ఏటిది?"

"బెల్టు పెట్టుకోలేదని."

"పెట్టుకున్నాను గదా."

"నువ్వు కాదు. డోలు."

డోలు బరువుని మనిషనుకుంది కారు. హేమ డోలుకి బెల్టు పెట్టింది. గంట ఆగింది. డోలు చాలా బుద్ధిగా, తొలిసారి పట్నం వెళ్తున్న పెద్దమనిషిలా కూర్చుంది. "చూశారా, డోలుని కూడా కాపాడుతుంది!" అని నేను బోరవిరిచాను.

హైవే ఎక్కి వేగం పెంచాను. కారు గట్టిగా కూసింది. తెర మీద ఎర్రటి బొమ్మ వచ్చింది: రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నట్టు. నేను కిందికి వంగి బొమ్మ చూశాను. తలెత్తి రోడ్డు చూశాను. రోడ్డు ఖాళీ.

"ముందేటి లేదు గదా బావా?" అన్నాడు బావ.

"మనకి కనపడనిది కూడా దానికి కనపడుతుంది."

"మనకి కనపడంది దెయ్యవే గదా."

మళ్లీ కూసింది. మళ్లీ బొమ్మ చూశాను. కాసేపటికి ఇంకో బొమ్మ. అది కెమెరాకి ఏదో అడ్డముందని చెప్పే బొమ్మ అట. ఆ రోజు నాకది సినిమా హాలు గుర్తులా కనపడింది. గాలికి ఊగిన ప్రతిసారీ నిమ్మకాయలు రాడార్ ముందుకొస్తున్నాయి. కారు పాపం, 'నీ ముక్కు మీదే ఏదో ఉంది మహాప్రభో' అని మొత్తుకుంటోంది. నేను మాత్రం దాని దూరదృష్టిని మెచ్చుకుంటున్నాను.

హేమ వెనక నుంచి ముందుకి వంగింది.

"మావా, ఒక మాట సెప్తాను, కోప్పడకు. అది రోడ్డు సూడమని కూస్తంది. నువ్వు దాన్ని సూస్తన్నావు."

"ఏమంటోందో తెలుసుకోవాలి కదమ్మా."

"అది ఏటంటందో తెలిసేలోగా మనం ఆసుపత్రిలో ఉంతాం. ఇంకోటి, నా సన్నాయి శ్రుతి ఒకటి, దీని కూత ఒకటి. ఇంకాసేపు వింటే సాయంత్రం నేను నీ కారు శ్రుతిలో వాయించేస్తాను. సామి దిగి పారిపోతాడు."

"తాళం కూడా లేదు," అన్నాడు బావ మోకాలి మీద వేళ్లతో లెక్క వేస్తూ. "పట్టుకుందారంటే తప్పిపోతంది."

కూసినప్పుడల్లా వేగం తగ్గించి నత్తలా పాకుతూ రణస్థలం చేరేసరికే పొద్దు వాలసాగింది. అసలు సత్కారం అక్కడ జరిగింది. ఖాళీ రోడ్డు. ఎదర చీమ కూడా లేదు. కారు ఒక్క కూత పెట్టి తనంతట తనే గట్టిగా బ్రేకు వేసింది. బెల్టు ఉంది కాబట్టి డోలు క్షేమం. హేమ సన్నాయిని పసిబిడ్డలా గుండెకి హత్తుకుంది. వెనక లారీ వాడు పెట్టిన హారన్ శ్రీకాకుళం దాకా వినపడి ఉంటుంది. లారీ పక్కకి తిప్పి, మాకు సమానంగా వచ్చి, తల బయట పెట్టాడు.

"ఏటి బాబూ! రోడ్డు మీద ఏటుందని ఆపీసినావు?"

నాకు భయమేస్తే చదువుకున్న భాష పోయి ఊరి భాష వచ్చేస్తుంది. "నానాపలేదు బాబూ, కారే ఆపీసింది!"

"కారాపితే నువ్వెందుకు? దిగి నడిసిపో!"

న్యాయమైన ప్రశ్న. లారీ వెళ్లిపోయింది. అంతలో బావ ఫోను మోగింది. అవతల సూరన్నగారు. స్పీకరు పెట్టకుండానే కారంతా వినిపించింది.

"ఎక్కడున్నార్రా? పక్కూరోళ్లు అప్పుడే వచ్చీసినారు. కాఫీలు కూడా తాగీసినారు."

"వస్తన్నాం బాబూ, కారులో వస్తన్నాం."

"కారులోనా? మరి బస్సు దిగినోళ్లందరూ ఇళ్లకెళ్లిపోయినారు గదరా!"

బావ ఫోను జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన నోటితో ఏమన్నా నవ్వొస్తుంది. ఊరుకుంటే మాత్రం భయమేస్తుంది. హేమ ముఖంలో నవ్వు పోయింది. సన్నాయి సంచి తాడుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఎచ్చెర్ల దగ్గర పక్కన ఆపాను. కారుకి ఏమైందో చూద్దామని హేమ దిగి ముందుకెళ్లింది. నేను లోపల తాళం తిప్పి ఉంచాను. ఆమె వంగి నా బులాకీని వేలితో కదిపింది. కారు 'కుయ్' మంది. వదిలింది. ఊరుకుంది. మళ్లీ కదిపింది. 'కుయ్'. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలమ్మే ఆవిడ పని మానుకుని నిలబడి చూసింది. హేమ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"మావా! నీ కారుకి దెయ్యం కాదు, నిమ్మకాయ పట్టింది!"

ఇక్కడ పాఠకులు కాస్త ఆగి ఆలోచించండి. దోషం దొరికింది. మందు చేతికందే దూరంలో వేలాడుతోంది. దారం పుటుక్కున తెంపి, అద్దం మీద బొట్టు తడిగుడ్డతో తుడిస్తే కథ అయిపోయింది. ఐదో తరగతి చదివే పిల్లవాడైనా అదే చేస్తాడు. నేను ఐదో తరగతి దాటి చాలా దూరం వచ్చేసినవాణ్ని.

"తెంపీనా మావా?" అంది హేమ.

"ఆగు ఆగు! ఈ రోజు శుక్రవారం. శుక్రవారం దిష్టి దండ తీస్తే మీ అత్త ఊరుకోదు."

బావ కూడా ఈ ఒక్క విషయంలో నా పక్షమే. కూతురి వైపు తిరిగాడు. "నిజవే గుంటా. శుభానికెల్తా దిష్టి తియ్యకూడదు."

"మరేటి సేస్తావు?"

"దానికేముంది?" అన్నాను. "తెరలో అన్నీ ఉంటాయి. కూతలు ఆపేస్తాను."

తీయవలసింది నిమ్మకాయల్ని. నేను తీసింది హెచ్చరికల్ని. అదీ నిలబడి కాదు. టైం అయిపోతోందని బండి నడుపుతూనే, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో తెర మీద ఒక్కొక్కటీ నొక్కుతూ. ముందు బండి హెచ్చరిక: ఆపు. గీత హెచ్చరిక: ఆపు. దానంతట అదే బ్రేకు: ఆపు. నువ్వు నిజంగానే ఆపుతావా అని ప్రతిదానికీ కారు ఓ మాట అడిగింది. నిజంగానే అన్నాను. కూతురి పెళ్లి సంబంధం వద్దనుకున్న తండ్రిని కూడా అన్నిసార్లు అడగరు.

శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటేసరికి కారు చెరువులా నిశ్శబ్దం. నా ఛాతీ మళ్లీ పెరిగింది.

"ఎలా ఉంది బావా?"

"ఇప్పుడు కాస్త కారులాగున్నాది."

ఈ నిశ్శబ్దంలో ఒక మోసం ఉంది. మధ్యాహ్నం నుంచి ఆ కూతలకి నా చెవి అలవాటు పడింది. కూస్తే ప్రమాదం, కూయకపోతే క్షేమం అని నా బుర్ర ఎప్పుడో రాసి పెట్టేసుకుంది. కూయడం మానిపించింది నేనే అన్న సంగతి బుర్రకి చేరలేదు. అద్దంలోకి చూడటం తగ్గించాను. మలుపుల్లో హారన్ కొట్టడం తగ్గించాను. కాపలా కుక్కకి అన్నం పెట్టి, మూతి కట్టేసి, తలుపు తీసిపెట్టి పడుకున్నవాడిలా హాయిగా నడిపాను.

నరసన్నపేట దాటి లోపలి రోడ్డులోకి తిరిగి, శ్రీముఖలింగం కూడా దాటాం. మినుము కోతలైన రోజులు. మా వైపు మీరెప్పుడైనా వస్తే చూస్తారు: కోసిన మినప మొక్కల్ని ఎండబెట్టి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్ల చక్రాలు వాటిని తొక్కుతుంటే గింజ రాలుతుంది. బస్సు తొక్కినా నూర్పే, స్కూటరు తొక్కినా నూర్పే. తొక్కినవి తొక్కగా, తొక్కవలసినవి రోడ్డు పక్కన కుప్ప వేసి ఉంటాయి. "చూడు హేమా, నా కారు వెళ్తూ వెళ్తూ రైతుకి సాయం కూడా చేస్తోంది" అన్నాను. చక్రాల కింద మినపకాయలు పటపటమన్నాయి.

"సాయం తరవాత సెయ్యి మావా. పొద్దు సూడు, గూట్లో పడతంది."

నేను పొద్దు చూడలేదు. ఎందుకంటే అదే క్షణంలో తెర మీద ఒక కొత్త బొమ్మ వచ్చింది. కాఫీ కప్పు. దాని మీంచి పొగలు. కింద ఏదో రాసుంది: మీరు అలసిపోయారు, కాస్త విశ్రాంతి తీసుకోండి.

నాకు ఒళ్లు మండింది. అన్నీ ఆపాను కదా, ఇదెక్కడి నుంచి వచ్చింది? పైగా అలసిపోయానట! నేను!

"ఏటా కప్పు?" అన్నాడు బావ.

"నేను అలిసిపోయానంటోంది. నన్ను! రాత్రి డ్యూటీలు చేసినవాణ్ని నేను!"

"కాఫీ తాగమంటందా?"

"నేను కాఫీయే తాగను, టీ తాగుతాను!"

"మరా సంగతి దానికి సెప్పు."

చెప్పాను. నిజంగానే చెప్పాను. తెరకి దగ్గరగా వంగి, "నాకేమీ అలసట లేదు" అని కాఫీ కప్పుని వేలితో పొడిచాను. పోలేదు. ఇంకోసారి పొడిచాను. పోలేదు. అప్పుడు రోడ్డు నన్ను అడగకుండా ఎడమ పక్కకి తిరిగింది. నేను తిరగలేదు.

"మావా!"

"బావా!"

శబ్దం పెద్దగా రాలేదు. బొంతలో తలదూర్చినట్టు 'ధుస్స్' మంది అంతే. ఒక్కసారి చీకటైంది. అద్దాల చుట్టూ మినప మొక్కలు. కిటికీలోంచి మినప మొక్కలు. నా చెవిలో ఒక మినపకాయ. కారు అద్దాల దాకా కుప్పలో దూరిపోయి, పరుపు కింద దాక్కున్న పిల్లిలా తోక మాత్రం బయట పెట్టుకుని ఉంది. తెర మీద కాఫీ కప్పు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"హేమా?"

"బానే ఉన్నాను. సన్నాయి బాగుంది."

"బావా?"

"పళ్లు జేబులో పెట్టుకున్నాను కాబట్టి బతికినాయి."

డోలు ఏమీ మాట్లాడలేదు. బెల్టులో బుద్ధిగా కూర్చుంది.

బయట నుంచి ఒక ఆడమనిషి అరుపు వినపడింది. కుప్ప గలవాళ్లు పక్కనే పొలంలో ఉన్నట్టున్నారు. వెనక తలుపు తీసుకుని మేం ఒకరి వెనక ఒకరం పాకుతూ బయటపడ్డాం. ఎదురుగా ఒక పెద్దావిడ. చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతిలో తిరగేసే కర్ర పట్టుకుని నిలబడింది. తలనిండా మినప పొట్టుతో పైకి లేచిన నన్ను చాలా శ్రద్ధగా చూసింది.

"బాబూ, తొక్కమని రోడ్డు మీద ఏసినాం. కుప్పలో దూరమన్నామా?"

వార్తల్లో ప్రమాదాల గురించి ఎన్ని వాక్యాలు దిద్దానో, అన్నీ ఒక్కసారి మరిచిపోయాను.

"కళ్లు కనపడవేటి? మందు తాగినావా?"

"తాగలేదమ్మా," అన్నాడు బావ. "కాఫీ తాగమంటే కూడా తాగలేదు."

హేమ నవ్వలేదు. దూరంగా ఊరి వైపు నుంచి గుడి గంట వినిపిస్తోంది. పల్లకీ దగ్గర హారతి మొదలైందన్నమాట. ఆమె పెద్దావిడ ముందుకెళ్లి సంచి విప్పి సన్నాయి చూపించింది.

"అవ్వా, నాను సింహాద్రి కూతుర్ని. ఈ యేడు సామికి నానే వాయించాలి. పల్లకీ లేస్తాది. అందకపోతే ఇంక మాకు ఈ సేవ ఉండదు."

పెద్దావిడ సన్నాయిని చూసింది. హేమని చూసింది. కర్ర కింద పడేసింది.

"ఓలమ్మ! సన్నాయి గుంటవి నువ్వా? ముందే సెప్పవేటి? ఒరే! ట్రాక్టరు తియ్యి! బేగి!"

పొలంలోంచి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. ట్రాక్టరు వెనక తొట్టిలో సగం మినుము అలాగే ఉంది. హేమ ఎక్కింది, డోలుతో బావ ఎక్కాడు. నేను చక్రం మీద కాలు పెట్టేసరికి పెద్దావిడ నా చొక్కా పట్టుకుంది.

"నువ్వెక్కడికి? నా కుప్ప ఎవుడు సర్దుతాడు?"

ట్రాక్టరు కదిలింది. నేను కుప్ప దగ్గర నిలబడిపోయాను. మినప మొక్కల్ని చేతులతో ఏరి పక్కన పెడుతూ చూస్తున్నాను. ట్రాక్టరు మలుపు తిరుగుతోంది. గుడి గంట వేగం పెరిగింది. వాళ్లింకా ఊరి పొలిమేర కూడా చేరలేదు. ఇక వేళకి అందుకోలేరనుకున్నాను. నా వల్ల, నా బులాకీ వల్ల, ఆ పిల్ల ఇన్నేళ్ల కష్టం కాఫీ కప్పులో కలిసిపోయిందనుకున్నాను.

అప్పుడు హేమ తొట్టిలో లేచి నిలబడింది. బావ ఒక చేత్తో ఆమె నడుము దగ్గర చీర కొంగు పట్టుకున్నాడు. ఆమె సన్నాయి పెదవులకు పెట్టుకుంది.

ఇక్కడ నేను హాస్యం మానేస్తాను, ఒక్క నిమిషం.

ఆ పొలాల మీద, ఆ పొద్దు వాలే వేళ, ఎగిరెగిరి పడుతున్న ట్రాక్టరు తొట్టిలోంచి ఆ స్వరం లేచిన తీరు నేను రాయలేను. ముందు సన్నగా, దారంలా. తరువాత వంశధార అవతలి గట్టు దాకా. వెనక నుంచి బావ డోలు అందుకుంది. పొలాల్లో పని చేస్తున్న వాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. నా పక్కన పెద్దావిడ రెండు చేతులూ జోడించింది. జోడిస్తూనే, "సేతులాపకు, ఏరు," అంది నాతో.

ఊళ్లో ఏం జరిగిందో తరువాత బావ చెప్పాడు. బోయీలు పల్లకీ కొమ్ముల కింద భుజాలు పెట్టి ఉన్నారు. సూరన్నగారు పక్కూరి మేళం వైపు తిరిగి చెయ్యి ఎత్తబోతున్నారు. ఆ క్షణంలో ఊరి బయట నుంచి సన్నాయి వినపడింది. ముందున్న బోయీ, "సన్నాయి వచ్చీసింది, ఎత్తండ్రా!" అన్నాడు. పల్లకీ లేచిపోయింది. సూరన్నగారి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ చేత్తోనే ఆయన దణ్ణం పెట్టుకున్నారట. పక్కూరి మేళం పెద్ద కూడా అరుగు దిగి ఎదురొచ్చి హేమకి దారి ఇచ్చాడట.

కుప్ప సర్ది, పెద్దావిడ చేత సరే అనిపించుకుని, నేను నడిచి ఊరు చేరేసరికి ఊరేగింపు నడివీధిలో ఉంది. పల్లకీ ముందు హేమ. కళ్లు మూసుకుని వాయిస్తోంది. జనం ఆమె ముఖంలోకి చూస్తున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మినప దుమ్ము అని అందరికీ చెప్పాను.

సూరన్నగారు మైకు పట్టుకుని ఉన్నారు. "ఊరి బయట నుంచే సామికి సన్నాయితో స్వాగతం! మా తాతల నాడు కూడా ఇలాటి ఏర్పాటు ఎరగం! ఇది ఎవరి ఆలోసన?"

బావ నన్ను చూశాడు. తల మీద పొట్టు, చెవిలో కాయ, చిరిగిన చొక్కా. వీణ్ణి ఇప్పుడు అందరి ముందు ఉతకొచ్చు అనుకున్నాడేమో. కానీ మా బావ బంగారం.

"మా బావదండి," అన్నాడు. "పొద్దుట నుంచి అదే పన్లో ఉన్నాడు."

మైకులో నా పేరు చదివారు. శాలువా కప్పారు. సిగ్గున్న మనిషైతే నిజం చెప్పేవాడు. నేను వినయంగా తల వంచాను. ఆ వంచినప్పుడు కొంత మినప పొట్టు శాలువా మీద రాలింది. అక్షింతల్లా ఉందని ఎవరో అన్నారు.

మర్నాడు ట్రాక్టరుతో లాగి కారు బయటకు తీశారు. శనివారం కాబట్టి, దిష్టి దండని నేనే నా చేతులతో తెంపాను. బొట్టు తుడిచాను. కూతలన్నీ తిరిగి పెట్టాను. ఇంటిదాకా అది ఒక్కసారే కూసింది, అదీ నిజంగా గేదె అడ్డం వచ్చినప్పుడు. నేను తెర వైపు చూడలేదు. గేదెని చూశాను. ఇద్దరం క్షేమంగా ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

హేమకి ఇప్పుడు మూడు జిల్లాల నుంచి పిలుపులొస్తున్నాయి. పల్లకీ సేవ ఆమెదే, ఎవరూ గొణగడం లేదు. మా ఇంట్లో వచ్చినవాళ్లకి ముందు ఆమె ఫోటో చూపించి, తరువాతే మంచినీళ్లు ఇస్తాం.

ఈ యేడు ఉత్సవానికి ముందు సూరన్నగారి దగ్గర్నుంచి ఫోను.

"బాబూ, ఊరంతా కూకుని తీర్మానించినాం. ఇకమీద మేళం ట్రాక్టరు మీదే, ఊరి బయట నుంచే రావాలి. ఆసారం అయిపోనాది."

"చాలా సంతోషం సూరన్నగారూ."

"కారు కూడా మీరే తేవాలి. జనం మలుపు కాడ పొద్దుట నుంచీ కూకుంతారు."

"కారెందుకండీ?"

"భలేవోరే, అది లేకపోతే ఆసారం ఎలాగవుతాది? మీరేటీ భయపడకండి. ఈ యేడు కుప్ప కొంచెం మెత్తగా ఏయించినాం."

కాబట్టి సమస్త పాఠకుల ఎదుట, కప్పిన శాలువాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కుప్ప ఎంత మెత్తగా వేయించినా, ఊరంతా వచ్చి బతిమాలినా, మేళాన్ని కారెక్కించుకుని ఆ మలుపు వైపు ఇక వెళ్లను. ఉత్సవానికి తప్పకుండా వెళ్తాను. ట్రాక్టరు తొట్టిలో, డోలు పక్కన, బుద్ధిగా కూర్చుంటాను. నడిపేవాడి చూపు రోడ్డు మీంచి కొంచెం పక్కకి పోయిందా, వాడి చెవి దగ్గర కూసే బాధ్యత మాత్రం నాది.